బొమ్మ చిన్నదైతే పొరపాటు చిన్నదవదు

అనంతపురంలో ఏ వీధిలోకి వెళ్ళినా మిషన్ కుట్టే ఇల్లు ఒకటి కనిపిస్తుంది, ఆ మిషన్ కింద కట్ పీసుల మూట ఒకటి ఉంటుంది, ఇంట్లో చిన్నపిల్ల ఉంటే ఆ మూటలోంచి ఒక ముక్క లాగి బొమ్మకు గౌను కుట్టమని అడగడం కూడా మామూలే. "ఎంతసేపు, పది నిమిషాల పని" అని మొదలుపెడతారు. తీరా తొడిగి చూస్తే వీపు వెనక రెండు అంచులు ఒకదాన్నొకటి అందుకోవు, లేదంటే గోనెసంచిలో వేసినట్టు బొమ్మ అందులో మునిగిపోతుంది. రోజుకు నాలుగు జాకెట్లు కుట్టే చేయి మూరెడు కూడా లేని బొమ్మ దగ్గర ఇలా తప్పుతుందేమిటి?

అలవాటు లేకపోవడం, చిన్న గుడ్డ చేతిలోంచి జారిపోవడం అని అందరూ చెప్పే కారణాలు సగమే నిజం. మిగతా సగం లెక్కలో ఉంది. మనిషి కొలతను బొమ్మ కొలతకు కుదించినప్పుడు పొడవులు, వెడల్పులు తగ్గుతాయి గానీ గుడ్డ మందం తగ్గదు, చాక్‌పీసు గీత వెడల్పు తగ్గదు, కుట్టు పక్కకు జరిగే ఆ వెంట్రుకవాసి కూడా తగ్గదు. ఇవన్నీ మనిషి బట్టల్లో ఎంత ఉంటాయో బొమ్మ బట్టల్లోనూ అంతే ఉంటాయి. ఆ తేడా మాత్రం మనిషి 34 అంగుళాల ఛాతీలో కనపడకుండా కలిసిపోతుంది, బొమ్మ 5 అంగుళాల ఛాతీలో కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

కుట్టు సంగతే చూద్దాం. కుట్టు ఉండాల్సిన చోటు నుంచి అంగుళంలో పదహారో వంతు లోపలికి పడిందనుకోండి, అంటే ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు, చాలామంది దీన్ని తప్పుగా కూడా లెక్కపెట్టరు. కానీ కుట్టంటే రెండు ముక్కలు కలిసే చోటు, కాబట్టి రెండు వైపులా కలిపి ఎనిమిదో వంతు పోయింది. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి, వెనక తెరిచే చోట మడత ఒకటి, మూడు చోట్లా అదే జరిగితే అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు మాయం. 34 అంగుళాల ఛాతీకి ఇది ఒక శాతం, తొడుక్కున్న మనిషికి తెలియను కూడా తెలియదు. 5 అంగుళాల బొమ్మ ఛాతీకి ఇది ఏడున్నర శాతం. మనిషి లెక్కలో చెప్పాలంటే 34 సైజు ఆవిడకు 31న్నర సైజు జాకెట్టు ఇచ్చి తొడుక్కోమన్నట్టు.

పైగా మనిషి జాకెట్టులో తప్పు దిద్దుకునే దారి ఒకటి ముందే పెట్టి ఉంచుతారు. లోపల మార్జిన్ వదిలి రెండు మూడు కుట్లు వేస్తారు, బిగువైతే ఒక కుట్టు విప్పుకుంటే సరి. బొమ్మకు అంత మార్జిన్ వదిలితే ఆ గుడ్డంతా చంక కింద ఉండ కట్టి బొమ్మ చేతులు రెక్కల్లా పైకి లేస్తాయి. అందుకే అక్కడ పావు అంగుళం, బాగా చిన్న బొమ్మలకు ఇంకా తక్కువ వదులుతారు, ఆపైన విప్పుకోవడానికి ఏమీ మిగలదు. కొలతలోనే సరిగ్గా ఉండాలి, లేదా గుడ్డ మళ్ళీ కత్తిరించాలి.

చాక్‌పీసు గీత చేసే మోసం ఇంకా పెద్దది, ఎందుకంటే దాన్ని ఎవరూ అనుమానించరు. టైలర్ చాక్ కొంచెం అరిగితే గీత 2 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. గీత బయటి అంచు వెంట కత్తిరించామా, లోపలి అంచు వెంటనా అని మనిషి బట్టలకు ఎవరూ చూడరు, చూడక్కర్లేదు. బొమ్మ గౌను పైభాగానికి ముందు ముక్క ఒకటి, వెనక ముక్కలు రెండు, ఒక్కోదానికి రెండు నిలువు అంచులు, మొత్తం ఆరు. ఆరు చోట్ల 2 మిల్లీమీటర్ల చొప్పున 12 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అర అంగుళం, గీత ఏ వైపున కత్తెర నడిచిందనే ఒక్క దాని మీదే ఆధారపడి ఉంది. బాగా చెక్కిన పెన్సిలు వాడమని చెప్పేది ఇందుకే. ముదురు రంగు గుడ్డ మీద పెన్సిలు కనపడకపోతే సబ్బు ముక్కను అంచు పదునుగా అరగదీసి గీసుకోవచ్చు, ఉతికితే పోతుంది కూడా.

ఇక టైలర్లకు నోటికి వచ్చిన సూత్రాలు. ఛాతీలో నాలుగో వంతు తీసుకో, దానికి ఒకటిన్నర కలుపు అని మిషన్ నేర్పేచోట చెప్పే లెక్క ఒకటుంది. 34లో నాలుగో వంతు ఎనిమిదిన్నర, ఒకటిన్నర కలిపితే 10, బాగానే ఉంది, అందులో లూజూ మార్జినూ రెండూ వచ్చేశాయి. ఇదే లెక్క 5 అంగుళాల బొమ్మకు వేస్తే ఒకటింపావుకు ఒకటిన్నర కలిపి రెండుముప్పావు, నాలుగు వైపులా కలిపి 11 అంగుళాలు, ఒంటికి రెండింతలకు పైగా గుడ్డ. గోనెసంచి గౌన్లు పుట్టేది ఇక్కడే. సూత్రంలో "నాలుగో వంతు" అనే మాట బొమ్మతో పాటు కుదించుకుంటుంది, "ఒకటిన్నర కలుపు" అనే మాట కుదించుకోదు. అలాగని ఆ ఒకటిన్నరను కూడా ఆరో వంతుకో ఏడో వంతుకో తగ్గిస్తే సరిపోతుందనుకుంటే అదీ తప్పే, ఎందుకంటే దానిలో సగం లూజు, సగం కుట్టుకు కావలసిన గుడ్డ. లూజు తగ్గించవచ్చు, మిషన్ పాదం కింద నిలబడాలంటే కుట్టుకు కావలసిన గుడ్డ ఒక హద్దు దాటి తగ్గించలేం. రెంటినీ విడదీసి లెక్కపెట్టుకోవాల్సిందే.

గుడ్డ మందం దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే ఈ జిల్లా చుట్టుపక్కల దొరికే గుడ్డముక్కలతో దీనికి నేరుగా సంబంధం ఉంది. రాయదుర్గం జీన్స్ కుట్టే ఊరు, అక్కడి నుంచి వచ్చే ముక్కలు గట్టిగా ఉంటాయి, బొమ్మకు ప్యాంటు కుడితే భలే ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ గుడ్డ మందం ముప్పావు మిల్లీమీటరు అనుకుందాం. నడుము పట్టీ మడతపెడితే రెండు పొరలు, ఒకటిన్నర మిల్లీమీటర్లు. గుండ్రంగా చుట్టిన దేనికైనా మందం ఎంత పెరిగితే బయటి చుట్టుకొలత దానికి ఆరు రెట్లకు పైగా పెరుగుతుంది, బళ్ళో చదివిన వృత్తం లెక్కే. బొమ్మ నడుము 90 మిల్లీమీటర్లైతే పట్టీ బయటి వైపు 99 దాటుతుంది. 90కి కొలిచి కత్తిరించిన పట్టీకి పైపొరలో పొడవు చాలదు, అది లోపలి పొరను నొక్కుతుంది, ప్రెస్ బటన్ పెట్టగానే టప్పున ఊడుతుంది. మనిషి నడుముకూ సరిగ్గా ఆ 9 మిల్లీమీటర్లే పెరుగుతుంది, కానీ 30 అంగుళాల నడుములో అది ఒక శాతం చిల్లర, ఎవరికి పట్టింది.

దీన్ని ఇంకో రకంగా కూడా చూడొచ్చు. పదకొండున్నర అంగుళాల బొమ్మ మనిషిలో దాదాపు ఆరో వంతు. అంటే దాని ఒంటి మీద గుడ్డ మనకు ఆరు రెట్లు మందంగా ఉన్నట్టు. మామూలు కాటన్ చీర మందం మూడో వంతు మిల్లీమీటరు అనుకుంటే బొమ్మకది 2 మిల్లీమీటర్ల దుప్పటి. గుడ్డ మీద అంగుళం పువ్వు బొమ్మకు అరడుగు పువ్వు. అందుకని బొమ్మ బట్టలకు పల్చటి మల్లుగుడ్డ, పాత వాయిల్ చీర, ఉతికి ఉతికి మెత్తబడిన పంచె ముక్క చాలా నయం. కొత్త గుడ్డ కన్నా పాతదే మేలని చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది, పాతది కుదించుకుపోవడం ఎప్పుడో అయిపోయింది. కొత్త కాటన్ అయితే ఒకసారి నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కొలవాలి.

ధర్మవరం పట్టు ముక్కతో బొమ్మకు చీర కట్టాలనే ముచ్చట ఈ వైపు ఎక్కువ. ఇక్కడ లెక్క సులభంగానే మొదలవుతుంది. చీర పొడవు ఐదున్నర మీటర్లు, ఆరో వంతు అంటే 92 సెంటీమీటర్లు. వెడల్పు 1.2 మీటర్లనుకుంటే 20 సెంటీమీటర్లు. 4 అంగుళాల అంచు బొమ్మకు ముప్పావు అంగుళం లోపే ఉండాలి, కాబట్టి పెద్ద చీర అంచును అలాగే వాడితే మోకాళ్ళ దాకా జరీయే ఉంటుంది. ఇంతవరకు కొలత చెప్పినట్టే జరుగుతుంది. కట్టడం మొదలుపెట్టగానే కొలత ఓడిపోతుంది. పట్టు బిరుసు, జరీ ఇంకా బిరుసు, మనిషి మీద కుచ్చిళ్ళు తమ బరువుకే కిందికి వాలతాయి, బొమ్మ చీరకు ఆ బరువు లేదు గనక కుచ్చిళ్ళు విసనకర్రలా ముందుకు నిలబడతాయి. ఏడు కుచ్చిళ్ళు పెడితే నడుము దగ్గర మడతల మీద మడతలు పడి బొమ్మకు కడుపొచ్చినట్టు కనపడుతుంది. కాబట్టి 92 సెంటీమీటర్లు అనేది సరైన లెక్కే అయినా సరైన చీర కాదు. కుచ్చిళ్ళు మూడు నాలుగుకు తగ్గించి, నడుము చుట్టూ తిరిగే లోపలి చుట్టును కత్తిరించేసి, 60 నుంచి 70 సెంటీమీటర్ల మధ్య తేల్చుకుంటే అందంగా వస్తుంది. కుచ్చిళ్ళను ముందే ఇస్త్రీ చేసి నడుము దగ్గర చేత్తో రెండు కుట్లు వేయడం మోసమేమీ కాదు. వరలక్ష్మి వ్రతం నాడు కలశానికి చీర కట్టేవాళ్ళు పిన్నులు పెట్టి చేసేది అదే. అక్కడ కూడా జాకెట్టు ముక్కతో చేసేవాళ్ళకూ పూర్తి చీర మడిచి కట్టేవాళ్ళకూ ఎప్పుడూ వాదమే, కానీ కలశానికి చేతులుండవు గనక ఆ వాదం అంతటితో ఆగుతుంది.

చేతుల మాట వచ్చింది కాబట్టి, కొలవాల్సిన చోటు ఏదో అందరూ తప్పుగా అనుకునేది ఇక్కడే. బట్ట ఒంటి మీద ఆగే చోటును కొలుస్తారు. కానీ అది ఆగే ముందు ప్రయాణం చేసే దారి కూడా ఉంది. ప్లాస్టిక్ బొమ్మ వేళ్ళు మడవదు, మోచేయి వంచదు, బొటనవేలు పక్కకు చాచి ఉంటుంది. చేయి చుట్టుకొలత అంగుళంన్నర ఉందని చేతి గొట్టం అంతే కుడితే అరచేయి దగ్గరే ఇరుక్కుంటుంది. అరచేతిని బొటనవేలితో కలిపి చుట్టి కొలవాలి, ఆ కొలతకే చేతి గొట్టం కుట్టాలి. తల కూడా అంతే, మనిషికి తల ఛాతీ కన్నా బాగా చిన్నది, పసిపాప బొమ్మలకు చాలాసార్లు తలే పెద్దది, మెడ ఎంత కత్తిరించినా తల మీంచి దిగదు. అందుకే బొమ్మ గౌన్లకు వెనక మెడ నుంచి నడుము కింది దాకా తెరిచే పెడతారు. ఆ తెరిచే చోట ఒక అంచు మీద ఇంకో అంచు ఎక్కాలి, ఆ ఎక్కే పావు అంగుళాన్ని కొలతలో కలపడం మర్చిపోవడమే "వెనక అందడం లేదు" అనే గోలకు అన్నిటికన్నా ఎక్కువగా కారణం. ప్రెస్ బటన్ అయితే పావు అంగుళం చాలు, వెల్క్రో అయితే దాని మందం కూడా కలుపుకోవాలి.

అసలు చేతులు కదలని బొమ్మలు కూడా ఉన్నాయి. బొమ్మల కొలువులో పెట్టే ఎర్రచందనం మరపాచి బొమ్మల జంటకు చేతులు ఒంటికి అంటుకునే చెక్కి ఉంటాయి. ఆ చెట్టు కడప వైపు శేషాచలం, లంకమల కొండల్లో పెరుగుతుంది, బొమ్మ మాత్రం తిరుపతి పేరుతో ఎక్కువ ప్రసిద్ధి. వీటికి బట్ట తొడగడమనేది లేదు, చుట్టడమే. చుట్టే బట్టకు చంక కొలత, చేతి కొలత ఏవీ అక్కర్లేదు, భుజాల దగ్గర చేతులతో కలిపి చుట్టుకొలత, ఎత్తు, అంతే. అదే ధర్మవరం పక్కనున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ళకు ఆ పాటి తలనొప్పి కూడా లేదు, మేక తోలు మీద వేసిన రంగులే అక్కడ చీరలు, పంచెలు, కిరీటాలు. ఆ కళకు 2020లో దళవాయి చలపతిరావు గారి ద్వారా పద్మశ్రీ వచ్చింది. మిషన్ దగ్గర కూర్చుని బొమ్మ చంకతో తంటాలు పడేవాళ్ళకు వాళ్ళను చూస్తే అసూయ కలగడం న్యాయమే.

కొలవడానికి టేపు ఎందుకు పనికిరాదో ఇప్పటికి తెలిసే ఉంటుంది. టేపు వెడల్పే ఒకటిన్నర రెండు సెంటీమీటర్లు, బొమ్మ నడుము సన్నగా ఉండే చోటు అంత కూడా ఉండదు, టేపు కొంచెం ఛాతీ మీదికి, కొంచెం తుంటి మీదికి ఎక్కి కూర్చుని ఎక్కువ చూపిస్తుంది. టేపు మొదట్లో ఉండే రేకు ముక్క వదులైతే ఇంకో మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది. దాని బదులు సాగని కుట్టుదారం తీసుకుని నడుము చుట్టూ పక్కపక్కనే ఐదు చుట్లు చుట్టి, విప్పి, స్టీలు స్కేలు మీద పరిచి, వచ్చినదాన్ని ఐదుతో భాగిస్తే చేతి వణుకు వల్ల వచ్చిన తప్పు కూడా ఐదో వంతు అయిపోతుంది. ఉన్నిదారం వద్దు, సాగుతుంది. ఛాతీ లాంటి వెడల్పు చోట్ల సన్నని కాగితపు పట్టీ చుట్టి, ఒకదాని మీద ఒకటి వచ్చిన చోట రెంటికీ కలిపి గుండుసూదితో పొడిచి, పట్టీ విప్పి రెండు చిల్లుల మధ్య దూరం కొలిస్తే అంతకన్నా కచ్చితమైన పద్ధతి ఇంట్లో దొరకదు. అంగుళాల్లో కాకుండా మిల్లీమీటర్లలో రాసుకోవడం మేలు. మూడుంబావుకూ మూడున్నరకూ మధ్య ఏముందో పలకడానికే నోరు తిరగదు, 86 మిల్లీమీటర్లు అని రాస్తే తగాదా లేదు. టేపుకు ఒకవైపు అంగుళాలు, ఇంకోవైపు సెంటీమీటర్లు ఉంటాయి గనక సగం ఇటు చూసి సగం అటు చూసే అలవాటున్నవాళ్ళు ఇంకా జాగ్రత్త పడాలి.

గుడ్డ బొమ్మలతో వేరే చిక్కు ఉంది, దారం బిగిస్తే దూదిలోకి దిగిపోతుంది, వదిలితే జారుతుంది. చేత్తో కుట్టిన బొమ్మకు ఎడమ చేయి కుడి చేయంత ఉండాలని కూడా ఏం లేదు. రెండూ విడివిడిగా కొలిచి పెద్దదానికే కుట్టడం తప్ప మార్గం లేదు.

కొలతలతో కుస్తీ ఎందుకు, ఆది జాకెట్టు ఇచ్చినట్టు ఆది గౌను ఒకటి పెట్టుకుని కొలుచుకోవచ్చు కదా అనే మాట సబబుగానే ఉంది. మన ఊళ్ళలో టైలరు దగ్గరికి వెళ్తే టేపు తీసే ముందు అడిగేది ఆది జాకెట్టే. బొమ్మకు ఆది లేకపోతే తయారు చేసుకోవచ్చు, పల్చటి ప్లాస్టిక్ కవరు బొమ్మకు చుట్టి, పైన కాగితపు టేపు అంటించి, కుట్లు ఎక్కడ రావాలో దాని మీదే పెన్నుతో గీసి, ఆ గీతల వెంట కత్తిరించి తీసి పరిస్తే ఒంటి అచ్చు వచ్చేస్తుంది. దానికి లూజూ కుట్టు గుడ్డా కలుపుకుంటే చాలు. అయితే ఒక బొమ్మ ఆది ఇంకో బొమ్మకు పనికొస్తుందని అనుకోకూడదు. బార్బీ 1959లో వచ్చినప్పటి నుంచి పదకొండున్నర అంగుళాలే అని అందరికీ ఒక లెక్క ఉండిపోయింది గానీ, 2016లో అదే పేరుతో పొడవువి, పొట్టివి, కొంచెం బొద్దువి కూడా తెచ్చారు, ఒకదాని బట్టలు ఇంకోదానికి సరిగ్గా పట్టవు. జాతరలో, బస్టాండు దగ్గర అమ్మే నకలు బొమ్మలైతే ఎత్తు సమానంగా ఉన్నా నడుము, భుజం దేనికదే.

మిషన్ సెట్టింగు గురించి రెండు మాటలు చాలు. 14 నంబరు సూది తీసి 11 కానీ 9 కానీ పెట్టాలి, కుట్టు పొడవు తగ్గించాలి, చిన్న ముక్కను మిషన్ పళ్ళు లోపలికి లాగేస్తుంటే కింద కాగితం పెట్టి కుట్టి తర్వాత చించేయాలి.

ఈ మధ్య ఇంకో తప్పు కొత్తగా చేరింది, దీనికి చేతి పనితనంతో సంబంధమే లేదు. ఫోన్లో దొరికిన ప్యాటర్న్‌ను, అంటే గుడ్డ మీద పెట్టి కత్తిరించుకునే కాగితపు అచ్చును, జిరాక్స్ షాపులో ప్రింట్ తీయిస్తారు. బయటి దేశాల ప్యాటర్న్‌లు చాలావరకు లెటర్ సైజు కాగితానికి గీసినవి, అది ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, మన దగ్గర వాడే ఏ4 కొంచెం సన్నం. షాపులో కంప్యూటరు దాన్ని కాగితానికి పట్టేలా తనంతట తనే మూడు శాతమో అంతకన్నా ఎక్కువో కుదించేస్తుంది, ఎవరూ గమనించరు. 5 అంగుళాల ఛాతీలో దాదాపు 4 మిల్లీమీటర్లు అక్కడే పోయాయి, ఇంకా కత్తెర పట్టుకోలేదు. మంచి ప్యాటర్న్‌ల మీద మూలన ఒక చదరం గీసి ఇది ఇన్ని అంగుళాలు ఉండాలి అని రాసి ఉంటుంది. షాపులో ఉండగానే దాని మీద స్కేలు పెట్టి చూసుకోవాలి, తక్కువొస్తే "యాక్చువల్ సైజ్" పెట్టి మళ్ళీ తీయమనాలి. షాపతను విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.